తల్లుల మాట విన్న కంటి వైద్యుడు సర్ నార్మన్ గ్రెగ్

సర్ నార్మన్ మెక్‌అలిస్టర్ గ్రెగ్ పేరు వైద్యలోకంలో సుప్రసిద్ధమైనది. ఆస్ట్రేలియాలో ఆయన పేరు తెలియని వైద్యుడు ఉండడు. మన సరిహద్దు గ్రామాలలో మాత్రం ఆ పేరు విన్నవారు తక్కువ. అయినప్పటికీ 2017వ సంవత్సరంలో మన బడులలో పిల్లలందరికీ వేసిన తట్టు-రుబెల్లా టీకా చరిత్ర ఆయనతోనే మొదలవుతుంది. తల్లికి సోకిన వైరస్ కడుపులోని బిడ్డకు చేరి, చూపును, వినికిడిని, గుండెను దెబ్బతీయగలదని తొలిసారిగా లోకానికి చూపినవారు ఆయనే. అందుకు ఆయనకు దారి చూపినది గొప్ప ప్రయోగశాల కాదు. బిడ్డలను ఎత్తుకొని వచ్చిన సామాన్యులైన తల్లులు చెప్పుకొన్న మాటలే.

బాల్యం, విద్య

గ్రెగ్ 1892వ సంవత్సరం మార్చి 7వ తేదీన ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో, బర్‌వుడ్ అనే ప్రాంతంలో జన్మించారు. సిడ్నీ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య అభ్యసించి 1915లో పట్టభద్రులైనారు. చదువులో ఎంత శ్రద్ధ చూపారో ఆటలలోను అంత ఆసక్తి చూపారు. క్రికెట్టులోను, టెన్నిసులోను పేరు తెచ్చుకొన్నారు.

అప్పటికే మొదటి ప్రపంచయుద్ధం జరుగుతున్నది. పట్టా చేతికి వచ్చిన వెంటనే ఆయన ఇంగ్లండుకు వెళ్ళి బ్రిటిష్ సైన్యపు వైద్యదళంలో చేరారు. యుద్ధరంగంలో చూపిన ధైర్యానికి మిలిటరీ క్రాస్ అనే పతకం పొందారు. యుద్ధానంతరం కంటి వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొంది, 1923లో సిడ్నీ నగరంలో స్వంత వైద్యశాల ప్రారంభించారు. నగరంలోని రాయల్ ప్రిన్స్ ఆల్‌ఫ్రెడ్ ఆసుపత్రిలోను, పిల్లల పెద్దాసుపత్రిలోను కంటి శస్త్రవైద్యునిగా సేవలందించారు. తన వృత్తిలో మంచి పేరున్న వైద్యునిగా ఆయన జీవితం ప్రశాంతంగానే సాగింది. ఏబదవ ఏడు సమీపిస్తున్న సమయంలో ఆయన ఎదుటికి ఒక చిక్కు ప్రశ్న వచ్చింది.

1941 నాటి వింత

శుక్లాలు సాధారణంగా వృద్ధులకు వచ్చే వ్యాధి. పుట్టుకతోనే కంటిపాపలో తెల్లని శుక్లంతో జన్మించే శిశువులు లేకపోలేదు గాని, అటువంటివారు చాలా అరుదు. 1941 ప్రారంభంలో గ్రెగ్ వద్దకు ఇటువంటి శిశువులు ఒకరి తరువాత ఒకరుగా రాసాగారు. చాలామందికి రెండు కళ్ళలోను శుక్లాలున్నవి. బిడ్డలు తక్కువ బరువుతో, నీరసంగా ఉన్నారు. పాలు త్రాగడానికి కూడా కష్టపడుతున్నారు. పరీక్షించగా పలువురికి గుండెలో సైతం లోపమున్నట్లు తేలింది.

ఆ కాలపు వైద్యులు పుట్టుకతో వచ్చే లోపాలన్నీ వంశపారంపర్యంగానే వస్తాయని భావించేవారు. మన పల్లెలలో ఇటువంటి బిడ్డ పుట్టినప్పుడు గ్రహణం పట్టిందనో, గర్భిణి గ్రహణసమయంలో కత్తిపీట ముట్టిందనో, కోడలి తరపు వంశంలో దోషముందనో అనుకోవడం మనమెరుగుదుము. ఎక్కడైనను నింద చివరకు తల్లి మీదికే వచ్చి చేరుతుంది.

గ్రెగ్ ఈ వివరణతో తృప్తి చెందలేదు. వంశదోషమే కారణమైతే, ఒకరికొకరు సంబంధం లేని ఇన్ని కుటుంబాలలో ఒకే కాలంలో ఒకే లోపం ఎందుకు కనిపించాలి? ఇది ఆయనను వేధించిన ప్రశ్న. ఒకే కాలంలో పలువురికి ఒకే కీడు జరిగినదంటే, ఆ తల్లులందరికీ ఒకే సమయంలో ఏదో ఒకటి తగిలి ఉండాలని ఆయన ఊహించారు.

ఇద్దరు తల్లుల సంభాషణ

ఆయన జీవితాన్ని గురించి చెప్పేవారందరూ తప్పక పేర్కొనే సంఘటన ఒకటున్నది. గ్రెగ్ వైద్యశాలలో తమ వంతు కొరకు వేచియున్న ఇద్దరు తల్లులు పరస్పరం కష్టసుఖాలు చెప్పుకొంటున్నారు. తాము గర్భవతులుగా ఉన్న తొలి దినాలలో తమకు జర్మన్ తట్టు సోకిందని వారు అనుకొన్న మాటలు వైద్యుని చెవిన పడ్డవి. మరొకరైతే ఆ మాటలను ఆడవారి కబుర్లుగా త్రోసిపుచ్చేవారేమో. గ్రెగ్ మాత్రం అక్కడినుండి ప్రతి తల్లినీ ఇదే విషయం అడగడం మొదలుపెట్టారు.

జర్మన్ తట్టునే నేడు మనం రుబెల్లా అంటున్నాము. ఇది మనం తట్టు అనీ, కన్నడంలో దడార అనీ పిలిచే వ్యాధి కాదు. చూపునకు దానివలెనే ఉన్నా వేరొక వైరస్ వలన వస్తుంది. ఒళ్ళంతా సన్నని ఎర్రని పొక్కులు, కొద్దిపాటి జ్వరం, చెవుల వెనుకను మెడ వెనుకను బిళ్ళలు కట్టడం, ఇంతే దాని లక్షణాలు. రెండు మూడు రోజులలో తగ్గిపోతుంది. కనుకనే దానిని వైద్యులు కూడా లెక్కచేసేవారు కారు.

గ్రెగ్ తేదీలను లెక్కించి చూశారు. 1940లో ఆస్ట్రేలియాలో రుబెల్లా పెద్దయెత్తున వ్యాపించింది. రెండవ ప్రపంచయుద్ధం కొరకు యువకులను సైనిక శిబిరాలలో గుంపులుగా ఉంచిన కాలమది. శిబిరాలలో పుట్టిన అంటు, సెలవు మీద ఇండ్లకు వెళ్ళిన సైనికులతో కుటుంబాలకు చేరింది. ఆ సంవత్సరం మధ్యభాగంలో వ్యాధి ముమ్మరంగా ఉన్నప్పుడు తొలి నెలలలో ఉన్న గర్భిణుల బిడ్డలే 1941 తొలి నెలలలో జన్మించారు. ఆయన తనవద్దకు వచ్చిన శిశువుల వివరాలతో తృప్తిపడక, ఇతర నగరాల కంటి వైద్యులకు కూడా వ్రాసి వివరాలు సేకరించారు. మొత్తము 78 మంది శిశువులు లెక్కకు వచ్చారు. వారిలో 68 మంది తల్లులకు గర్భసమయంలో రుబెల్లా సోకినట్లు తేలింది. చాలామందికి అది మొదటి మూడు నెలలలోనే వచ్చింది.

1941 అక్టోబరులో మెల్‌బోర్న్ నగరంలో జరిగిన కంటి వైద్యుల సభలో గ్రెగ్ ఈ సంగతులను వివరించారు. ఈ శిశువులు ఎదిగేకొద్దీ మరిన్ని లోపాలు బయటపడవచ్చునని కూడా ఆయన ముందుగానే హెచ్చరించారు. ఆ హెచ్చరిక నిజమైంది. ఆయన పరిశోధన వార్త పత్రికలలో వచ్చిన తరువాత, తమ బిడ్డలకు వినబడుట లేదని కొందరు తల్లులు ఆయనకు తెలియజేశారు. మరల తల్లులే ముందుగా కనిపెట్టారు. మరల ఆయన విన్నారు. చెవుడు కూడా రుబెల్లా వలన కలిగే లోపమని ఆ విధంగా వెల్లడైంది.

సందేహాలు, సమాధానాలు

క్రొత్త సత్యాన్ని లోకం వెంటనే అంగీకరించదు. ఇంత స్వల్పమైన జ్వరం ఇంత ఘోరానికి కారణమా అని పలువురు సందేహించారు. లండన్ నుండి వెలువడే లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్యపత్రిక 1944లో సైతం ఈ విషయం రుజువు కాలేదనే అభిప్రాయం వెలిబుచ్చింది. ఆ సందేహంలో కొంత న్యాయం లేకపోలేదు. గ్రెగ్ లోపమున్న బిడ్డల నుండి వెనుకకు వెళ్ళి తల్లులను విచారించారు. రుబెల్లా సోకినప్పటికీ ఆరోగ్యవంతులైన బిడ్డలను కన్న తల్లులెందరో ఆయన లెక్కలో లేరు. ఆ లెక్క కూడా తేలవలసి యుండెను.

దక్షిణ ఆస్ట్రేలియాలో ఛార్లెస్ స్వాన్ అనే వైద్యుడు తన సహచరులతో కలిసి 1943లో ప్రకటించిన పరిశీలన గ్రెగ్ మాటను బలపరచింది. అటుపిమ్మట 1951లో ఆలివర్ లాంకాస్టర్ అనే గణాంక శాస్త్రవేత్త పాత జనాభా లెక్కలను తిరగవేశారు. 1911 నాటి లెక్కలలో పుట్టు చెవుడు గలవారి వయస్సులను పరిశీలించగా, వారిలో 1899 ప్రాంతంలో జన్మించినవారు అసాధారణంగా ఎక్కువగా ఉన్నారు. రుబెల్లా ప్రబలిన కాలాలకును, చెవిటి బిడ్డలు ఎక్కువగా పుట్టిన కాలాలకును పొత్తు కుదిరింది. గ్రెగ్ చెప్పిన కీడు ఆయన పుట్టిన తరం నుండీ జరుగుతూనే ఉన్నది. ఎవరూ గుర్తించలేదు, అంతే.

1953లో గ్రెగ్‌కు సర్ బిరుదు లభించింది. 1962లో అమెరికాలో రెండు పరిశోధక బృందాలు రుబెల్లా వైరస్‌ను వేరుచేయగలిగినవి. 1964, 1965 సంవత్సరాలలో ఆ దేశంలో రుబెల్లా విజృంభించి, సుమారు 20,000 మంది శిశువులు లోపాలతో జన్మించారు. ఆ దారుణం తరువాత గ్రెగ్ మాటను శంకించినవారు లేరు. 1966 జులై 27వ తేదీన ఆయన సిడ్నీలో కన్నుమూశారు. రుబెల్లా టీకాకు అమెరికాలో అనుమతి లభించినది 1969లో. తన పరిశోధన ఫలాన్ని ఆయన కళ్ళారా చూడలేదు.

వైరస్ బిడ్డను చేరే విధము

తల్లికిని బిడ్డకును మధ్య మాయ ఉంటుంది. తల్లి రక్తంలోని ఆహారాన్ని, ప్రాణవాయువును బిడ్డకు అందించేది అదే. అనేక సూక్ష్మక్రిములను అది అడ్డుకొంటుంది. రుబెల్లా వైరస్ మాత్రం తల్లి రక్తం ద్వారా మాయను చేరి, అక్కడ వృద్ధి చెంది, బిడ్డ రక్తంలో ప్రవేశిస్తుంది. గర్భం ధరించిన మొదటి మూడు నెలలలోనే బిడ్డ కళ్ళు, చెవులు, గుండె రూపుదిద్దుకొంటాయి. కుమ్మరి సారె మీద కుండ తిరుగుతున్నప్పుడు వ్రేలు తగిలితే ఆ వంకర చివరివరకు నిలుస్తుంది గదా! ఇదియు అట్టిదే. తొలి పది పన్నెండు వారాలలో తల్లికి రుబెల్లా సోకినచో నూటికి ఎనబది, తొంబది మంది శిశువులకు హాని కలుగవచ్చును. ఐదవ నెల వచ్చునప్పటికి అవయవాలు ఏర్పడి ఉంటాయి కనుక ప్రమాదం బాగా తగ్గుతుంది.

రుబెల్లా సోకినవారిలో చాలామందికి పొక్కులు కూడా కనిపించవు. తనకు వ్యాధి వచ్చినట్లు తల్లికే తెలియకపోవచ్చును. ఆ వ్యాధితో పుట్టిన బిడ్డ శరీరం నుండి వైరస్ కొన్ని నెలలపాటు, ఒక్కొక్కప్పుడు ఏడాదికి పైగా వెలువడుతుంది. కనుక అటువంటి బిడ్డను చూడవచ్చిన ఇతర గర్భిణులు జాగ్రత్త వహించాలి.

గ్రెగ్ తెరచిన త్రోవలో వైద్యశాస్త్రం ఇంకను ముందుకు వెళ్ళింది. అన్ని వైరస్‌లు మాయను దాటియే రావని తెలిసింది. హెపటైటిస్-బి అనే కాలేయవ్యాధి వైరస్ ముఖ్యంగా ప్రసవసమయంలో, తల్లి రక్తం బిడ్డకు తగలడం వలన సోకుతుంది. అట్లు సోకిన శిశువులలో నూటికి తొంబది మందికి ఆ వ్యాధి దీర్ఘకాలం నిలిచిపోతుంది. బిడ్డ పుట్టిన 24 గంటలలోపు టీకా వేయించమని చెప్పేది అందుకే. ఈ టీకాను మన దేశంలో జన్యుసాంకేతిక పద్ధతిలో మొదటిసారి తయారుచేసి 1997లో విడుదల చేసినది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ అనే సంస్థ. అది తెలుగువారు గర్వించదగిన విషయం.

హెచ్.ఐ.వి. మూడు మార్గాలలోను బిడ్డను చేరగలదు. గర్భంలో కొంత, ప్రసవసమయంలో ఎక్కువగా, తరువాత తల్లిపాల ద్వారా కొంత. చికిత్స లేనప్పుడు నూరుగురు బిడ్డలలో 15 నుండి 45 మందికి సోకుతుంది. తల్లి క్రమం తప్పక మందులు వాడి, బిడ్డకును మందు వేయించినచో, ఐదుగురికన్న తక్కువకు తగ్గించవచ్చును. గర్భిణికి తొలి నెలలలోనే రక్తపరీక్షలు చేయించమని ఆరోగ్య కార్యకర్తలు పట్టుబట్టేది ఇందుకొరకే. పరీక్ష చేసేది ఎవరినీ వేలెత్తి చూపడానికి కాదు. బిడ్డను కాపాడుకొనడానికి. వ్యాధి ఉన్నదన్న భయంతో వైద్యుని అడగకుండా తల్లిపాలు మానిపించడం కూడా తగదు.

మన బడులకు చేరిన టీకా

రుబెల్లాకు మందు లేదు. టీకా ఒక్కటే రక్షణ. ఆస్ట్రేలియాలో 1971 నుండి బడికి పోయే బాలికలకు ఈ టీకా వేయసాగారు. 2018లో ఆ దేశంలో రుబెల్లా నిర్మూలన జరిగినట్లు ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించింది. గ్రెగ్ పుట్టిన గడ్డకు అంతకన్న గొప్ప నివాళి లేదు. మన పొరుగున ఉన్న శ్రీలంక, మాల్దీవులు 2020లో ఆ ఘనత సాధించినవి.

మన దేశంలో తట్టు-రుబెల్లా టీకా కార్యక్రమం 2017 ఫిబ్రవరి 5న బెంగళూరులో ప్రారంభమైనది. కర్ణాటక, తమిళనాడు తొలివిడతలో ఉండగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఆ సంవత్సరమే ఆగస్టులో వేశారు. తొమ్మిది నెలలు మొదలుకొని పదునైదేండ్ల లోపు బాలబాలికలందరికీ ఒక్కొక్క మోతాదు వేశారు. టీకా వలన హాని కలుగుతుందన్న పుకార్లు చేతిఫోనులలో విపరీతంగా తిరిగినవి. ఆ పుకార్లను విని పిల్లలను ఆనాడు బడికి పంపని తల్లిదండ్రులు ఉన్నారు. మగపిల్లలకు ఎందుకని ప్రశ్నించినవారును ఉన్నారు. 1940లో ఆస్ట్రేలియా గర్భిణులకు అంటును ఇంటికి తెచ్చినది సైనికులైన మగవారేనన్న సంగతి తెలిస్తే ఆ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

బెళ్ళందూరు వెళ్ళే కుటుంబాలు

గ్రెగ్ జీవితం మన సరిహద్దు గ్రామాలవారికి ప్రత్యేకంగా పనికివచ్చే విషయం ఒకటి చెబుతుంది. కుప్పం, పలమనేరు, మడకశిర, బాగేపల్లి, ముళబాగిలు ప్రాంతాల నుండి పని వెతుక్కొంటూ బెంగళూరు వెళ్ళే కుటుంబాలు ఎన్నో. ఒకప్పుడు పెద్ద చెరువు, చుట్టూ పొలాలు ఉన్న బెళ్ళందూరు నేడు ఎత్తయిన భవనాల పేట. ఆ భవనాలు కట్టేవారు, వాటిలో ఇంటిపనులు చేసేవారు, కాపలా కాసేవారు నానా రాష్ట్రాలవారు. ఇరుకైన రేకుల షెడ్లలో పలు కుటుంబాలు దగ్గర దగ్గరగా కాపురముంటాయి. 1940 నాటి సైనిక శిబిరాలకును, ఈ షెడ్లకును ఒక పోలిక ఉన్నది. వేరువేరు చోట్ల నుండి వచ్చినవారు, టీకా పడినవారు పడనివారు ఒకచోట గుమిగూడినప్పుడు, దగ్గు తుమ్ముల ద్వారా ప్రాకే రుబెల్లావంటి అంటుకు దారి సులువవుతుంది. పండుగకు ఊరికి వచ్చినప్పుడు అది మనతోపాటు బస్సెక్కి రాగలదు.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. నేటి పట్టిక ప్రకారం తట్టు-రుబెల్లా టీకా మొదటి మోతాదు తొమ్మిదవ నెల నిండిన తరువాత, రెండవది పదునారు నుండి ఇరువది నాలుగు నెలల మధ్య వేయాలి. మొదటిది మన ఊరి అంగన్వాడీలో వేసి, రెండవదాని సమయానికి తల్లిదండ్రులు బెళ్ళందూరులో ఉంటే ఆ మోతాదు తప్పిపోతుంది. ఊరిలోని ఏ.ఎన్.ఎం. బిడ్డ బెంగళూరులో ఉన్నదనుకొంటుంది. బెంగళూరులోని ఆశా కార్యకర్తకు ఆ బిడ్డ ఉన్న సంగతే తెలియదు. ఇది ఎవరి తప్పో విచారించడంకన్న, కార్డు వెంట ఉంచుకొనడం మేలు. కర్ణాటకలో ఇచ్చే తాయి కార్డు గాని, ఆంధ్రలో ఇచ్చే తల్లీబిడ్డల కార్డు గాని, రెండింటిలో ఏదైనను బియ్యం కార్డువలె, ఆధార్ కార్డువలె భద్రపరచి ప్రయాణంలో తీసుకొనిపోవాలి. టీకా ఏ రాష్ట్రంలోనైనను ప్రభుత్వ ఆరోగ్యకేంద్రంలో ఉచితమే. భాష రాదని వెనుకాడవలసిన పని లేదు. కార్డులోని తేదీలను చూచి వారే గ్రహిస్తారు.

పెండ్లికి ఎదిగిన ఆడపిల్లల విషయం మరింత ముఖ్యమైనది. 2017 టీకా నాటికి పదునైదేండ్లు నిండినవారికి, అనగా సుమారుగా 2002కు ముందు పుట్టినవారికి, ఆ కార్యక్రమంలో టీకా పడలేదు. నేడు కాపురాలు చేసికొంటూ బిడ్డలను కంటున్నవారిలో వారు అనేకులు. వారిలో పలువురికి చిన్ననాడే వ్యాధి వచ్చిపోయి రక్షణ ఏర్పడి యుండవచ్చును. కొందరికి లేకపోవచ్చును. పెండ్లికి ముందుగానే వైద్యుని కలిసి అడిగినచో రక్తపరీక్ష ద్వారా తెలుసుకొనవచ్చును, లేదా టీకా వేయించుకొనవచ్చును. గర్భం ధరించిన తరువాత ఈ టీకా వేయరు. టీకా వేయించుకొన్న పిమ్మట ఒక నెలపాటు గర్భం రాకుండా చూచుకొనాలి. కనుక ముహూర్తానికి ముందు చీరలు, నగలతోపాటు ఈ ఒక్క విషయం కూడా ఆలోచించాలని ఆడపిల్లల తల్లిదండ్రులకు మనవి.

పసిబిడ్డ కంటిపాపలో తెల్లగా కనిపించినా, చప్పుడుకు ఉలికిపడకపోయినా, పాలు త్రాగుతూ రొప్పినా ఆలస్యం చేయరాదు. పెద్దయితే సర్దుకొంటుందని ఎవరెంత చెప్పినా వినక ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి. పుట్టు శుక్లానికి తొలి నెలలలోనే శస్త్రచికిత్స చేయించినచో చూపు దక్కే అవకాశం ఎక్కువ. గర్భసమయంలో పొక్కులు గాని జ్వరం గాని వచ్చి యుంటే, ఎంత స్వల్పమైనదైనను ఏ నెలలో వచ్చిందో వైద్యునికి చెప్పాలి. అత్తమామల ఎదుట మొగమాటపడి దాచరాదు. సిడ్నీలో ఆ ఇద్దరు తల్లులు మాట్లాడుకొనకపోయినచో గ్రెగ్ ప్రశ్నకు సమాధానం ఇంకెన్నాళ్ళకు దొరికేదో తెలియదు.

బిడ్డకు లోపం కలిగినప్పుడు తల్లిని నిందించడం మన ఇండ్లలో ఇంకను పోలేదు. ఆమె ఏ పాపమూ చేయలేదని, కంటికి కనబడని వైరస్ ఒకటి ఆమెను దాటి బిడ్డను చేరిందని సర్ నార్మన్ గ్రెగ్ 1941లోనే చూపించారు. ఇది తెలిసిన మనం ఆ తల్లికి తోడు నిలిచి, తరువాతి బిడ్డకు ఆ కీడు రాకుండా టీకా వేయించుటే ఆయనకు చేయగల వందనం.